అత్తిపత్తి ముడుచుకునేదెందుకు?

అత్తిపత్తి ఆకును తాకగానే ముడుచుకుంటుంది. ఎందుకని ప్రతి పిల్లా, పిల్లవాడూ అడుగుతారు. ఇలాంటి ప్రశ్నలను పెద్దయ్యాక కూడా వదలని శాస్త్రవేత్త జగదీశ్ చంద్రబోస్.

ఆయన 1858 నవంబరు 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి ప్రభుత్వ అధికారి. హోదా ఉన్నవారంతా పిల్లల్ని ఇంగ్లిష్ బడికి పంపే రోజుల్లో, ఆయన కొడుకును బెంగాలీ బడిలో చేర్చారు. అక్కడ జాలరి కొడుకు పక్కన కూర్చుని, పక్షుల గురించి, నీటిలోని జీవుల గురించి చెవులప్పగించి వినేవాడు. ప్రకృతిపై ఆసక్తి అక్కడే మొలకెత్తింది.

కేంబ్రిడ్జిలో చదివొచ్చి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. యూరోపియన్ల కన్నా తక్కువ జీతం ఇస్తామంటే, మూడేళ్లు జీతం ముట్టకుండానే పాఠాలు చెప్పారు. చివరికి బకాయిలతో సహా పూర్తి జీతం అందింది.

రేడియో తరంగాల తర్వాత మొక్కల వైపు మళ్లారు. తాకినా, వేడి తగిలినా మొక్కల్లో విద్యుత్ సంకేతాలు పుడతాయని చూపారు. అత్తిపత్తిలో ఆ సంకేతం ఆకు మొదట్లోని ఉబ్బును చేరగానే, అక్కడి కణాల్లోంచి నీరు బయటికిపోయి ఆకు వాలిపోతుంది. లండన్‌లో కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. మొక్క పెరుగుదలను 10,000 రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్‌ను ఆయన తయారుచేశారు. 1917లో కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. 1937లో కన్నుమూశారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వారం కిటికీ దగ్గర ఒక మొక్క పెట్టండి. అది వెలుగు వైపు వంగడం పిల్లలే గమనించనివ్వండి. నేను ఇంగ్లిష్ మీడియం టీచర్‌నే అయినా చెబుతున్నాను: వాళ్లు తెలుగులో అడిగే ప్రశ్న కూడా సైన్సే. దాన్ని ఆపకండి.