శత్రువును రక్షించిన డిర్కు విలెమ్సు

శత్రువులను ప్రేమింపవలెనని క్రీస్తు కొండపై చేసిన బోధ క్రైస్తవులందఱకును తెలిసినదే. తెలిసినంతమాత్రమున నది యాచరణమునకు వచ్చిన దనరాదు. మతభేదముచేత క్రైస్తవులే క్రైస్తవులను చంపుచుండిన పదునాఱవ శతాబ్దమున, ఆ బోధకై ప్రాణ మర్పించిన సామాన్యు డొకడు హాలెండుదేశమున నుండెను. అతని పేరు డిర్కు విలెమ్సు.

ఇతడు ఆస్పెరను అను చిన్న పట్టణమున జన్మించెను. యౌవనమున రాటర్‌డాము నగరమునకు పోయి, యచట నొక గృహమున రెండవమాఱు బాప్తిస్మము పొందెను. ఇది యెట్లు నేరమగునని చదువరులకు తోచవచ్చును. శిశువుల కిచ్చు బాప్తిస్మము చెల్లదనియు, బుద్ధి యెఱిగి విశ్వసించినవాడే దానిని పొందవలెననియు బోధించు నొక శాఖ 1525వ సంవత్సరమున జ్యూరికు నగరమున నారంభమయ్యెను. ఆయుధము పట్టరాదనియు, ప్రమాణము చేయరాదనియు వీరిలో పెక్కండ్రు నియమము గలవారు. కాని 1534లో ఈ మార్గమువారే కొందఱు మ్యూన్‌స్టరు పట్టణమును బలిమిచే నాక్రమించి దారుణములు చేయుటవలన, శాంతపరులైన తక్కినవారియెడలను ప్రభువులకు భయద్వేషములు ముదిరెను. నాడు హాలెండు నేలుచుండిన స్పెయినురాజు రెండవ ఫిలిప్పు శాసనములచేత పునర్బాప్తిస్మము మరణదండనకు తగిన నేరముగా నెంచబడెను.

డిర్కు తన యింట రహస్యముగా ప్రార్థనసమాజములు కూర్చి, పలువురు బాప్తిస్మము పొందుటకు తావిచ్చెను. సంగతి బయల్పడెను. అతడు పాఱిపోవుచుండగా దొంగలను పట్టు బంటొకడు వెంబడించెను. అప్పుడు నీరు పైపైని గడ్డకట్టి యుండెను. డిర్కు మిక్కిలి యపాయముతో దానిని దాటెను. వెనుక వచ్చు బంటు కాలిక్రింద మంచు పగిలి, వాడు నీట మునిగెను. ఇక డిర్కును తఱుమువాడు లేడు. పరుగు సాగించినచో ప్రాణము దక్కును. అయినను అతడు వెనుకకు మఱలి, తన్ను చంపింపవచ్చినవానిని పైకి లాగి బ్రతికించెను.

బంటు మనసు కరగి యతనిని విడువ దలచెను. కాని నగరాధికారి కఠినస్వరముతో, ఉద్యోగమునందు చేసిన ప్రమాణమును తలచుకొమ్మని హెచ్చరించెను. వాడు తనకు ప్రాణమిచ్చిన చేతినే పట్టి బంధించెను.

1569వ సంవత్సరము మే నెల 16వ తేదీన ఏడుగురు న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. పునర్బాప్తిస్మము, రహస్యసమాజములు, ఇతరులకు తావిచ్చుట యను నేరములను నిందితు డొప్పుకొనెననియు, తన మతమును విడువకున్నాడనియు, కావున వానిని సజీవముగా దహించి సొత్తంతయు రాజునకు చేర్చవలసినదనియు నందు వ్రాసిరి. నీటినుండి రాజభటుని కాపాడిన సంగతి యా పత్రమున నొక్క పంక్తియైన లేదు. ఒప్పుదల యున్నది, శాసనమున్నది, శిక్షయున్నది. విధి కే లోపమును లేదు. ఆ మనుష్యుడేమి నమ్మెనో విచారించిన న్యాయస్థానము, వాడేమి చేసెనో విచారింపలేదు.

దహనదినమున తూర్పుగాలి బలముగా వీచి మంటను పైశరీరమునుండి తొలగించుటచే మరణ మాలస్యమయ్యెను. అతడు దేవుని పిలిచిన పిలుపులు డెబ్బదికి మించి పొరుగూరైన లేర్డాములో వినబడినవట. తుదకు దగ్గఱనున్న యధికారియే యోర్వలేక, త్వరగా ముగింపుమని తలారి కాజ్ఞాపించెను.

1660లో వాన్ బ్రాఖ్టు కూర్చిన హతసాక్షుల గ్రంథమున ఈ చరిత్ర యెక్కెను. 1685 ముద్రణమునకు యాన్ లాయికెను చెక్కిన చిత్రములలో మంచుమీది రక్షణ నేటికిని ప్రసిద్ధము. ఆ సంప్రదాయమునకు చెందిన మెన్నొనైటు సంఘములు మన తెలంగాణమునందును గలవు.

డిర్కువంటివారు లోకమున నరుదు. కాని యా బంటు నిలిచినచోట, ఆ యేడుగురు కూర్చున్నచోట నిలువవలసిన గడియ అధికారమందున్న ప్రతివానికిని వచ్చును. ఉపకారము చేసినవాడు ఎదుట నిలిచియుండగా ఉద్యోగధర్మము పేరు చెప్పి కన్నులు మూసికొనుట యెంత సులభమో ఈ చరిత్ర తెలుపుచున్నది. శత్రువునకు చేయి యందించుట మనకు సాధ్యము కాకున్నను, మన కందించిన చేతిని బంధింపకుండుటయైనను నేర్చికొందము గాక.