సుధర్మ చిత్రకారుడు పి.టి. రెడ్డి

భారతీయులు కళలను అరవై నాలుగుగా లెక్కించారు. వాటిలో చిత్రలేఖనానికి విశిష్టమైన స్థానం ఉంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం దానిని కళలన్నింటిలోకి శ్రేష్ఠమైనదిగా కీర్తించింది. అయితే కళ శ్రేష్ఠమైనది అయినంత మాత్రాన అది కళాకారునికి కూడు పెడుతుందన్న భరోసా లేదు. సంసారభారం మీద పడినప్పుడు కుంచెను పక్కన పెట్టక తప్పని స్థితి ఎందరికో ఎదురయింది. అలా పక్కన పెట్టిన వారిలో తిరిగి దానిని చేపట్టగలిగిన వారు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యుడు పాకాల తిరుమలరెడ్డి. కళాలోకం ఆయనను పి.టి. రెడ్డిగా ఎరుగును.

తిరుమలరెడ్డి 1915లో కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఆనాడు తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉండేది. రాజ్యంలో ఉర్దూ పాలనాభాషగా, విద్యాభాషగా చలామణి అయ్యేది. పల్లెల నుండి పట్నానికి చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలకు నిలువ నీడ దొరకడమే గగనంగా ఉండేది. ఆ కొరతను తీర్చడానికి 1918లో హైదరాబాదులో రెడ్డి వసతి గృహం వెలిసింది. దాని అభివృద్ధికి అహర్నిశలు కృషి చేసినవారు నగర కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. ఆయన పాలమూరు సీమలోని వనపర్తి సంస్థానంలో పుట్టి, స్వశక్తితో ఆ పదవికి ఎదిగిన వ్యక్తి. తిరుమలరెడ్డిలోని చిత్రకళాభినివేశాన్ని గుర్తించి, ఆయన బొంబాయి వెళ్లి చదువుకోవడానికి ప్రోత్సహించారు. చిత్రలేఖనాన్ని ఒక చదువుగానే లెక్కించని రోజుల్లో పోలీసు శాఖాధిపతి ఒకరు ఒక పల్లెటూరి యువకుని కుంచెపై నమ్మకం ఉంచడం విశేషం.

బొంబాయిలోని సర్ జె.జె. కళాశాల 1857లో స్థాపితమైంది. పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ ఇవ్వడంలో దానికి దేశమంతటా పేరుండేది. కంటికి కనిపించిన దానిని కొలతలు తప్పకుండా, వెలుగునీడలతో సహా పటం మీదికి ఎక్కించడం అక్కడి శిక్షణలో ప్రధానాంశం. తిరుమలరెడ్డి ఆ విద్యను శ్రద్ధగా అభ్యసించారు. కాని చూసిన దానిని చూసినట్లు చిత్రించడంతోనే కళ ముగుస్తుందా అన్న ప్రశ్న ఆనాటి యువ చిత్రకారులను వేధించింది. ఐరోపాలో అప్పటికే రూపాన్ని విరిచి, రంగుకు స్వాతంత్ర్యమిచ్చిన కొత్త ధోరణులు ప్రబలి ఉన్నాయి. ఆ ధోరణులను ఆదరించిన చార్లెస్ జెరార్డ్ అప్పట్లో కళాశాలకు అధిపతిగా ఉండడం వారికి కలిసివచ్చింది. 1941లో తిరుమలరెడ్డి, మజీద్, భోప్లే, బాప్టిస్టా, కులకర్ణి మొదలైన మిత్రులు ఒక బృందంగా ఏర్పడి తమ చిత్రాలను ప్రదర్శించారు. వారిని కళాభిమానులు యంగ్ టర్క్స్ అని పిలిచారు. సూజా, రజా, హుసేన్, ఆరా ప్రభృతుల ప్రోగ్రెసివ్ బృందం 1947లో గాని ఏర్పడలేదు. ఆధునిక భారతీయ చిత్రకళా చరిత్రను ఆ బృందంతో ప్రారంభించి చెప్పడం పరిపాటి అయింది గాని, అంతకు ఆరేళ్ల ముందే ఒక తెలంగాణ బిడ్డ ఆ బాట తొక్కాడన్న సంగతి మరువరానిది.

ఆ వేగం అలాగే సాగి ఉంటే ఆయన జీవితం మరొక విధంగా ఉండేదేమో. తిరుమలరెడ్డి హైదరాబాదుకు తిరిగి వచ్చారు. బొంబాయిలో ఉన్నట్లు ఇక్కడ చిత్రశాలలు లేవు. పటాలు కొని గోడకు తగిలించుకొనే సామాన్య గృహస్థులు అరుదు. చిత్రాన్ని నమ్ముకొని సంసారం నడపడం సాధ్యం కాదని గ్రహించిన ఆయన కొయ్య సామాను తయారీని జీవనోపాధిగా స్వీకరించారు. కుర్చీలు, బల్లలు, బీరువాలు ఆయన నిత్యవ్యవహారమయ్యాయి. బొంబాయి మిత్రుల పేర్లు పత్రికలలో వెలుగుతున్న కాలంలో ఆయన ఏళ్ల తరబడి చిత్రరచనకు దాదాపు దూరంగానే గడిపారు. చిత్రం పట్టిన చేతికి చిత్రిక పట్టించిన కాలమది.

ఒక కళాకారునికి ఇంతకంటె కఠినమైన పరీక్ష ఉండదు. అభ్యాసం తప్పితే చేతి వాడి తగ్గుతుంది. గుర్తింపు తప్పితే మనసు కుంగుతుంది. అయినా ఆయన ఆ వృత్తిని చిన్నచూపు చూడలేదు. కొయ్యపనిలోనూ కొలత ఉంది, పొంకం ఉంది, ఓర్పు ఉంది. చేవ ఎక్కడుందో, చార ఎటు సాగిందో తెలియకుండా కొయ్యను మలచడం సాధ్యం కాదు. తరువాతి కాలంలో తిరుమలరెడ్డి రంగులతో తృప్తి చెందక కొయ్య శిల్పాలు చెక్కారు. లోహఫలకాలపై గీతలు చెక్కి ముద్రాచిత్రాలు తీశారు. బతుకుతెరువు కోసం నడచిన దారి కూడా చివరకు కళాక్షేత్రంలోకే వచ్చి కలిసింది. ఆ సంవత్సరాలు పూర్తిగా వ్యర్థం కాలేదు.

ఈ కాలంలో ఆయనకు అండగా నిలిచినవారు సహధర్మచారిణి యశోదారెడ్డి. హైదరాబాదు నుండి షాద్‌నగర్, జడ్చర్లల మీదుగా దక్షిణాన సాగితే ఎర్రనేలలు, రాతిగుట్టలు, జొన్నచేలతో నిండిన పాలమూరు సీమ ఎదురవుతుంది. ఆ సీమలోని బిజినేపల్లిలో 1929లో ఆమె జన్మించారు. వివాహానంతరం కూడా చదువు కొనసాగించి, తెలుగులో వచ్చిన హరివంశ కావ్యాలపై పరిశోధన చేసి డాక్టరేట్ పట్టా పొందారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. తన ఊరి మాటలను, మనుషులను మా ఊరి ముచ్చట్లు, ఎచ్చమ్మ కథలు వంటి కథాసంపుటాలలో నిలిపారు. భర్త రంగులతో చేసిన పనిని భార్య మాటలతో చేసింది. ఒకరి కళ మరొకరి కళకు అడ్డు కాకుండా, ఆసరాగా నిలిచిన దాంపత్యం వారిది.

1950వ దశకంలో తిరుమలరెడ్డి మళ్లీ చిత్రరచనకు పూనుకున్నారు. హైదరాబాదులోని నారాయణగూడలో ఉన్న వారి నివాసం పేరు సుధర్మ. పురాణ కథలు చదివిన వారికి ఆ పేరు కొత్తది కాదు. సుధర్మ ఇంద్రుని సభ. దానిని శ్రీకృష్ణుడు యాదవుల కోసం ద్వారకకు రప్పించాడని హరివంశ కథ చెబుతుంది. స్వర్గంలోని సభ భూమి మీది నగరానికి తరలి వచ్చినట్లు, బొంబాయిలో విడిచిన కళ నారాయణగూడలోని గృహానికి తరలి వచ్చింది. ఆ ఇల్లే ఆయనకు కార్యశాల, ఆ ఇల్లే చిత్రశాల.

ఇంట్లోనే కూర్చొని బొమ్మలు వేసుకోవడం తేలికైన పని అని పైకి అనిపిస్తుంది. నిజానికి అది కష్టతరమైన సాధన. ఉద్యోగికి కార్యాలయపు గంట ఉంటుంది, పైఅధికారి ఉంటాడు. ఇంట్లో పనిచేసే చిత్రకారునికి తన నియమమే గంట, తన మనసే అధికారి. తైలవర్ణం త్వరగా ఆరదు. ఒక పొర ఆరే వరకు ఓపిక పట్టి, దానిపై మరొక పొర వేయాలి. వచ్చేపోయే చుట్టాలు, పండుగలు, పబ్బాలు, ఇంటి అవసరాలు, ఇవన్నీ సాగుతుండగానే పటం ముందు మనసు నిలపాలి. అటువంటి సాధనలో తిరుమలరెడ్డి నలభై ఏళ్లకు పైగా గడిపారు.

ఆయన శైలి ఒకచోట ఆగిపోలేదు. తొలినాళ్లలో మానవాకృతులు, ప్రకృతి దృశ్యాలు చిత్రించారు. ఆ తరువాత సమకాలీన సామాజిక, రాజకీయ పరిణామాలకు స్పందించారు. 1969లో మానవుడు చంద్రుని మీద అడుగుపెట్టిన ఘట్టం కూడా ఆయనకు చిత్రవస్తువైంది. 1970వ దశకంలో ఆయన దృష్టి తాంత్రిక సంప్రదాయంలోని చిహ్నాల వైపు మళ్లింది. బిందువు, త్రికోణం, వృత్తం, పద్మం ఆ చిహ్నాలలో ముఖ్యమైనవి. బిందువు సృష్టికి మూలమని, త్రికోణం శక్తికి సంకేతమని తంత్రశాస్త్రం భావిస్తుంది. ఇవి మనకు అపరిచితాలు కావు. తెల్లవారుజామున వాకిట చుక్కలు పెట్టి ముగ్గు కలిపే గృహిణి చేతిలోనూ ఈ రేఖాగణితమే దాగి ఉంది. నవ్యతాంత్రిక చిత్రకారులుగా దేశంలో పేరుపొందిన వారిలో జి.ఆర్. సంతోష్ వంటి వారితోపాటు తిరుమలరెడ్డి కూడా ఒకరయ్యారు. యౌవనంలో పడమటి దిక్కుకు చూసిన చూపు, ప్రౌఢవయసులో సొంత వాకిటి మీద నిలిచింది. అయితే అది వెనుకకు నడవడం కాదు. పడమటి నుండి నేర్చిన స్వేచ్ఛతోనే ఆయన పాత చిహ్నాలను కొత్తగా చూడగలిగారు.

తిరుమలరెడ్డి 1996లో కన్నుమూశారు. యశోదారెడ్డి 2007లో పరమపదించారు. వారు విడిచి వెళ్లిన చిత్రాలు, కథలు తెలంగాణ సంస్కృతికి తరగని ఆస్తులు.

కళాకారుని జీవితాన్ని విజయాల పట్టికతో మాత్రమే కొలవడం సరికాదు. బొంబాయిలోనే ఉండి ఉంటే తిరుమలరెడ్డికి మరింత ఖ్యాతి దక్కేదేమో చెప్పలేము. కాని కుటుంబాన్ని నిలబెట్టుకోవడానికి కుంచె దించడం ఆయన ఓటమి కాదు, బాధ్యత. వయసు మీదపడుతున్నా, తోటివారు ఎంతో ముందుకు సాగిపోయినా, సంకోచించకుండా తిరిగి కుంచె ఎత్తడం ఆయన గెలుపు. చదువుకో, సంగీతానికో, మరొక ఇష్టమైన విద్యకో కొంతకాలం దూరం కావలసి వచ్చిన ప్రతి విద్యార్థికీ సుధర్మ చిత్రకారుని జీవితం ధైర్యాన్నిస్తుంది. విడిచిన విద్య పగబట్టదు. శ్రద్ధతో తిరిగి వచ్చిన వానికి అది మళ్లీ తలుపు తెరుస్తుంది.