కొవ్వొత్తి ముక్కలతో చదివిన ఫోరియర్



పోయిన ఆదివారం వడ్డనకి సాయం చేస్తూ సాంబారు గంగాళంలో ఉన్న స్టీలు గరిటె పట్టుకున్నాను. చెయ్యి చుర్రుమంది. పక్కనే ఉన్న కర్ర తెడ్డు మాత్రం కాలలేదు. రెండూ ఒకే సాంబారులో ఉన్నాయి కదా, ఇదేమిటని సైన్సు సార్ని అడిగాను. ఆయన జోసెఫ్ ఫోరియర్ కథ చెప్పారు. అది వింటూ చేతి మంట మరిచిపోయాను.

ఫోరియర్ 1768లో ఫ్రాన్సు దేశంలోని ఒసేర్ పట్టణంలో ఒక దర్జీ ఇంట పుట్టారు. పదేళ్ళ ప్రాయంలోనే తల్లీ తండ్రీ పోయారు. తెలిసినవాళ్ళు దయతలచి సైనిక పాఠశాలలో చేర్పించారు. అంటే ఆయనా మనలాగే హాస్టల్ కుర్రాడే! పగలు కొవ్వొత్తి ముక్కలు ఏరి దాచుకొని, రాత్రి అందరూ పడుకున్నాక ఆ వెలుగులో లెక్కలు చేసేవారట. ఫిరంగి దళంలో చేరదామంటే గొప్పింటి బిడ్డ కాదని తిరగ్గొట్టారు. అయినా చదువు వదల్లేదు, పంతులయ్యారు. 1802 నుంచి గ్రెనోబుల్‌లో మన కలెక్టరులాంటి ఉద్యోగం చేస్తూనే, ఇనప కడియాన్ని ఒకచోట కాల్చి వేడి ఎలా పాకుతుందో థర్మామీటర్లతో కొలిచారు.

ఆయన చెప్పింది ఇదీ: వేడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి పోతుంది. ఆ తేడా రెట్టింపైతే రెట్టింపు వేడి పోతుంది. మందం రెట్టింపైతే సగమే పోతుంది. పైగా ఒక్కో పదార్థానిది ఒక్కో స్వభావం. గరిటె స్టీలు కర్ర కంటే సుమారు 100 రెట్లు ఎక్కువ వేడిని మోస్తుంది. రాగి ఆ స్టీలుకి ఇంకా 25 రెట్లు. కదలని గాలి కర్ర కంటే కూడా తక్కువ. అందుకే కొండ మీద మా ఊళ్ళో గాలి నిండిన గడ్డి కప్పు కింద చల్లగా ఉంటుంది. కోటవురట్ల ఎండలో పల్చటి రేకు కింద కూర్చుంటే మాడిపోతాం.

1807లో ఇదంతా రాసి ప్యారిస్ పంపితే లాగ్రాంజ్ లాంటి పెద్ద పండితులు ఒప్పుకోలేదు. 1811లో పోటీకి మళ్ళీ పంపారు. బహుమతైతే ఇచ్చారు గానీ లోపాలున్నాయన్నారు. చివరికి 1822లో పుస్తకం వచ్చింది. 15 ఏళ్ళు పట్టింది! 1830లో ఆయన కన్నుమూశారు. ఈఫిల్ టవరు మీద రాసిన 72 మంది పేర్లలో ఆయన పేరూ ఉంది.

నాకూ నాన్న లేరు. క్వార్టర్లీలో లెక్కలకి 19 మార్కులొచ్చాయని, పెట్టె సర్దుకొని ఇంటికి పోదామనుకున్నాను. ఇప్పుడు ఆ పెట్టె మళ్ళీ మంచం కిందకి తోసేశాను. లెక్కలు రానివాళ్ళు ఉంటే రాత్రి నా పక్కన కూర్చోండి, కలిసి చేద్దాం. మనకి కొవ్వొత్తి ముక్కలు ఏరే పని లేదు. వార్డెన్ సారు లైటు ఇంకో అరగంట ఉంచితే చాలు.