టస్కీగీ విద్యాలయ స్థాపకుడు బుకర్ టి. వాషింగ్‌టన్

మన సంఘ మహాసభలయందు విద్యానిధిని గూర్చిన ప్రస్తావన వచ్చినప్పుడెల్ల ఒక సందేహము పొడసూపుచునే యుండును. దాతలొసంగిన ద్రవ్యమును పట్టపరీక్షలకు చదువు బాలురకు వినియోగింపవలెనా, లేక వెల్డింగు, విద్యుత్తీగల పని, ఫిట్టరు పని, వర్తకపు లెక్కలు మున్నగునవి నేర్చుకొనువారికి వినియోగింపవలెనా యని. ఈ ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాదేశమున దాస్యమునుండి వెలువడిన నల్లజాతివారికి ఇంతకంటె తీవ్రముగా కలిగినది. వారి నాయకులలో ప్రముఖుడగు బుకర్ టి. వాషింగ్‌టన్ తన జీవితమంతయు దానికి ప్రత్యుత్తరముగా వెచ్చించెను. ఆ యుత్తరము పూర్తిగా సరియైనదని మేము చెప్పజాలము; కాని యెరుగకుండ విడువదగినదియు కాదు.

వర్జీనియా రాష్ట్రమున హేల్స్ ఫోర్డు అను పల్లె సమీపమునగల యొక పొగాకు క్షేత్రమున 1856లో ఆయన జన్మించెను. తల్లి జేన్ ఆ క్షేత్ర యజమానికి వంటచేయు బానిస. తండ్రి యెవరో తెల్లజాతివాడని మాత్రమే ఆయన వినియుండెను. పసితనమున యజమాని కుమార్తెల పుస్తకములు మోసికొని బడి వాకిటివరకు పోవుటయే కాని లోపల నడుగిడు హక్కు లేకుండెను. 1865లో అంతర్యుద్ధము ముగిసి దాస్యము తొలగిన పిదప తల్లి పిల్లలను వెంటబెట్టుకొని పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ అను ఊరికి పోయి భర్తను చేరుకొనెను. అచ్చట బాలుడు మారుతండ్రితో గూడ ఉప్పుబట్టీలలో పనికి కుదిరెను. ఒక్కొక్క కూలివాడు నింపిన పీపాలమీద ఒక్కొక్క అంకె వేయుదురు. మారుతండ్రి అంకె 18. ఆ పిల్లవాడు మొట్టమొదట చదువనేర్చినది ఆ 18 యే. బడిలో చేరిననాడు తక్కిన బాలురకు రెండేసి పేర్లుండుట చూచి, తనకు బుకర్ అను పేరొక్కటే యుండుటకు కలవరపడి, పంతులు అడుగగనే వాషింగ్‌టన్ అని తానే చేర్చుకొనెను. ఇంటిపేరును సైతము స్వయముగా సంపాదించుకొనవలసి వచ్చినవారి చరిత్ర యిది.

బొగ్గుగనిలో పనిచేయుచుండగా, నల్లజాతివారికై హాంప్టన్ అనుచోట ఒక విద్యాలయము కలదనియు, బీదలు పనిచేసి జీతము చెల్లించుకొనవచ్చుననియు ఆయన చెవినిబడెను. 1872లో సుమారు 500 మైళ్ల ప్రయాణమునకు బయలుదేరెను. కొంతదూరము బండిమీదను, కొంతదూరము కాలినడకను రిచ్‌మండ్ నగరము చేరునప్పటికి చేత నొక కాసైన లేకపోయెను. పగలు ఓడనుండి ఇనుము దించు కూలి చేసి, రాత్రులు వీధిప్రక్కనుండు చెక్కబాట క్రింద నేలపై పరుండెను. హాంప్టన్ చేరునాటికి మిగిలినది 50 సెంట్లు. అచ్చటి ఉపాధ్యాయురాలు ఆయనను చేర్చుకొనుటయో మానుటయో తేల్చక, ఒక గది నూడ్వుమని చీపురు చేతికిచ్చెను. ఆయన దానిని ముమ్మారు ఊడ్చి, నాలుగుమార్లు దుమ్ము తుడిచెను. ఆమె తన చేతిరుమాలుతో గోడలను, బల్లలను రుద్దిచూచి, దుమ్ము కానరాక, ప్రవేశమొసగెను. ఆయన వ్రాసిన ప్రవేశపరీక్ష యిదియే. జనరల్ ఆర్మ్‌స్ట్రాంగ్ నడుపుచుండిన ఆ విద్యాలయమున కాపలా పనియు, ఊడ్చు పనియు చేయుచు 1875లో చదువు ముగించెను.

ఇక టస్కీగీ వృత్తాంతము. అలబామా రాష్ట్రమునందలి యీ చిన్నపట్టణమున లూయీ ఆడమ్స్ అను నొక వృద్ధిమంతుడుండెను. దాస్యకాలమున రేకుపని, జీను కుట్టుట, జోళ్లు కుట్టుట నేర్చి, విముక్తుడైన పిదప ఆ వృత్తులతోనే గౌరవముగ జీవించుచుండెను. 1880లో శాసనసభకు నిలిచిన యొక తెల్లదొర నల్లజాతివారి ఓట్లు కోరగా, ఆడమ్స్ బదులుగా తమవారికి పాఠశాల నిమ్మని యడిగెను. ఓట్లు పడెను, పాఠశాల మంజూరయ్యెను. పాఠకులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో మనకు పనియున్నది.

మంజూరయినది ఏటికి 2,000 డాలర్లు, అదియు ఉపాధ్యాయుల జీతములకు మాత్రమే. స్థలము లేదు, కట్టడము లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ సిఫారసుపై వచ్చిన వాషింగ్‌టన్ 1881 జూలై 4వ తేదీన ఒక దేవాలయము చెంతనున్న పాడుపాకలో 30 మంది విద్యార్థులతో పాఠశాల తెరచెను. వాన కురిసినపుడు ఒక పెద్ద విద్యార్థి తన చదువు మాని గొడుగు పట్టగా, ఆయన దాని క్రింద నిలిచి తక్కినవారికి పాఠము చెప్పెడివాడు. కొలది నెలలలో హాంప్టన్ కోశాధికారి స్వంతముగ 250 డాలర్లు అప్పీయగా, ఊరి వెలుపల 500 డాలర్లకు 100 ఎకరముల పాడుబడిన క్షేత్రమొకటి బేరమాడెను. అందలి గుఱ్ఱపుశాలయు, కోళ్లగూడును తరగతిగదులయ్యెను.

అంతట చిక్కు వచ్చెను. అడవి నరుకుటకు, నేల దున్నుటకు విద్యార్థులు ఇష్టపడలేదు. తల్లిదండ్రులు ఉత్తరములు వ్రాసియు, స్వయముగ వచ్చియు, తమ బిడ్డలకు పుస్తకములే చెప్పుడు, పని చెప్పవలదని మొరపెట్టిరి. వారిని తప్పుపట్టుటకు మాకు నోరాడదు. రెండువందల యేండ్లు కొరడా క్రింద చేసిన పనిని మరల బడిలో చేయుట కెవరికి మనసొప్పును? మన యిండ్లయందును ఈ బాధ లేకపోలేదు. తాత చేసిన పని మనుమడు చేయరాదనియే గదా పెక్కుమంది తండ్రులు అప్పులపాలై చదివించుట! వాషింగ్‌టన్ వాదింపలేదు, గొడ్డలి భుజమున వేసికొని, తానే ముందుగ అడవికి నడచెను. ఉపాధ్యాయుడే చెట్లు నరుకుచుండగా శిష్యులు వెనుకనుండలేకపోయిరి.

కట్టడములకు ఇటుకలు కావలెను. ఊరిలో ఇటుకల బట్టీ లేదు. మోకాలిలోతు బురదలో నిలిచి మట్టి త్రొక్కి, 25,000 ఇటుకలు కోసి, బట్టీ పేర్చి కాల్చిరి. అది చెడిపోయెను. రెండవదియు చెడెను. మూడవది కాలుట ముగియవచ్చిన తరుణమున నడిరేయి కూలిపోయెను. చేత డబ్బు లేదు. తోటి ఉపాధ్యాయులు మానుకొమ్మనిరి. ఆయన తన గడియారమును మాంట్‌గోమరీ నగరమున 15 డాలర్లకు కుదువబెట్టి ఆ సొమ్ముతో నాల్గవ బట్టీ పేర్చెను. అది పండెను. గడియారము మాత్రము తిరిగి రాలేదు. అటుపిమ్మట చుట్టుప్రక్కల తెల్లవారు సైతము మంచి ఇటుకలకై నల్లవారి బడికి రాసాగిరి. వానినుండి వ్యాపార సంబంధము, దానినుండి కొంత మర్యాద పుట్టెను. చేయువాని వర్ణము నచ్చకున్నను చేసిన వస్తువు నచ్చినయెడల కొనువాడు వచ్చును అను సిద్ధాంతము ఆయనకు ఆ బట్టీవద్దనే స్థిరపడెను.

వడ్రంగము, కమ్మరము, బండ్లు కట్టుట, ముద్రణము, కుట్టుపని ఒకటొకటిగ చేరెను. మసాచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1892లో పట్టము పొందిన రాబర్ట్ టేలర్ కట్టడముల నమూనాలు గీయగా విద్యార్థులు గోడలు లేపిరి. 1898లో ముగిసిన ప్రార్థనామందిరమునకు ఇటుకలు వారివే. లోపల విద్యుత్తీగలు అమర్చినదియు వారే. ఆ జిల్లాలో లోపల విద్యుద్దీపములు వెలిగిన మొదటి కట్టడమదియే. నేడు మన ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియను తరగతి చదువు బాలుడు బల్లమీద స్విచ్చులు బిగించి, పరీక్ష కాగానే విప్పివేయుచుండుట చూచినపుడు మాకు ఆ మందిరము తలపునకు వచ్చును. 1900లో బోస్టన్ నగరమున ఆయన నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ స్థాపించి, అంగళ్లవారిని, చేతిపనివారిని, బ్యాంకులు నడుపువారిని ఒకచోట చేర్చెను. పని నేర్చినవానికి అంగడి పెట్టు నేర్పు లేకున్న ఎల్లకాలము కూలివాడే యగునని ఆయన యెరుగును.

ధనమునకై ఆయన ఏటిలో సగము ఉత్తర రాష్ట్రములలో తిరుగుచుండెడివాడు. 1903లో ఉక్కు వ్యాపారి కార్నెగీ 6,00,000 డాలర్లొసగెను. జూలియస్ రోజెన్‌వాల్డ్ ధనముతో 1912 మొదలు పల్లెబడుల నిర్మాణము సాగి, 1932 నాటికి సుమారు 5,000 కట్టడములు లేచెను. ఇందొక నియమము గలదు: ఊరివారును తమ వంతు ధనముగనో, కలపగనో, శ్రమగనో ఈయవలెను. మన దాతలు గమనింపదగిన విశేషమిది.

ఇప్పుడు కష్టమైన భాగమునకు వచ్చితిమి. 1895 సెప్టెంబరు 18వ తేదీన అట్లాంటా ప్రదర్శనమున ఆయన చేసిన యుపన్యాసము దేశమంతట మారుమ్రోగెను. సాంఘిక సమానతకై ఆందోళనము వలదు, ముందు పని, ఆస్తి, మంచిపేరు సంపాదింతము, తక్కినవి కాలక్రమమున వచ్చును అని దాని సారాంశము. తెల్లవారు కరతాళధ్వనులు చేసిరి. ఆరేండ్లు తిరిగిన పిదప, 1901లో అలబామా నూతన రాజ్యాంగము నల్లజాతివారిలో చాలమంది ఓటును ఊడబెరికెను. డాక్టర్ డుబాయిస్ 1903లో తన గ్రంథమున ఆయనను గట్టిగ విమర్శించెను. చేతిపని వలదని డుబాయిస్ అనలేదు. ఓటు, పౌరహక్కులు, ఉన్నతవిద్య విడిచిపెట్టి పొందు చేతిపని నిలువదనెను. టస్కీగీలో బోధించువారే ఉన్నత కళాశాలలలో చదివివచ్చినవారు గదా యని ఎత్తిచూపెను. ఇది ఖండింపశక్యము గాని మాట.

మా యభిప్రాయమున డుబాయిస్ పక్షమే బలమైనది. ఓట్లకు బదులుగ పుట్టిన పాఠశాలలో కూర్చుండి ఓటును గూర్చి ఓపిక పట్టుడనుట వింతగదా! కాని వాషింగ్‌టన్ బయట పలికినదంతయు ఆయన మనసు కాదు. ఆయన లేఖలు పరిశీలించిన చరిత్రకారులు, ఓటుహక్కుకై నడచిన గైల్స్ వ్యాజ్యమునకు ఆయన రహస్యముగ ధనము పంపినట్లు కనుగొనిరి. ఆ వ్యాజ్యము 1903లో అత్యున్నత న్యాయస్థానమున ఓడిపోయెను. తనను విమర్శించినవారిని దెబ్బతీయుటకు పత్రికలను లోబరచుకొనినట్లును ఆ లేఖలే తెలుపును. మరియు, ఆయన నేర్పిన వృత్తులలో కొన్ని ఆనాడే యంత్రముల ధాటికి వెనుకబడుచుండెను. పెక్కు కార్మికసంఘములు నల్లవారిని చేర్చుకొనకుండెను. 1957లో టస్కీగీ పట్టణపు ఎల్లలను శాసనసభ 28 భుజముల వక్రాకారముగ మార్చి, సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురిని తప్ప అందరిని వెలుపలికి నెట్టెను. విద్యాలయ భూమియు చాలవరకు వెలియయ్యెను. అచ్చటి అధ్యాపకుడగు గోమిలియన్ వ్యాజ్యము వేయగా, 1960లో అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టము చెల్లదనెను.

1915 నవంబరులో న్యూయార్కు నగరమున ఆయన వ్యాధి ముదిరెను. వైద్యులు బ్రతుకు ఆశ లేదనిరి. దక్షిణదేశమున పుట్టి, అచ్చటనే పనిచేసినవాడను గనుక అచ్చటనే మరణింతునని పట్టుబట్టి రైలెక్కెను. అప్పటికి విద్యాలయమున 100కు పైగా కట్టడములు, సుమారు 1,500 మంది విద్యార్థులు, దాదాపు 200 మంది బోధకులు, 38 వృత్తులు ఉండెను. రాత్రివేళ టస్కీగీ చేరి, 14వ తేదీ తెల్లవారకముందే ఆయన కన్నుమూసెను. ఆ ప్రార్థనామందిరము చెంతనే ఆయనను సమాధి చేసిరి.