ప్రకటన లేని పెండ్లి

మీ ఇంట్లో పెద్దవారిని 'మిస్సమ్మ' గురించి అడిగి చూడండి. 1955లో వచ్చిన ఆ చిత్రంలో సావిత్రి మేరీ అనే క్రైస్తవ యువతి. మరియమాతను వేడుకునే పాటలో ఆమె ముఖం చూసి, ఈమె మన విచారణ పిల్లేనని ఎవరైనా అనుకుని ఉంటే తప్పులేదు. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారు మన దెందులూరు పక్క సోమవరప్పాడు బిడ్డ. ఆ వేషం మొదట భానుమతి గారిది. అది చేతులు మారి సావిత్రిని నిలబెట్టింది.

ఆమె పుట్టింది గుంటూరు జిల్లా చిర్రావూరులో. ఆరు నెలల పసికందుగా ఉండగానే తండ్రి గురవయ్య గారు కాలం చేశారు. పెదనాన్న వెంకట్రామయ్య చౌదరి గారి పెంపకంలో నాట్యం నేర్చి మద్రాసు చేరింది. తండ్రి ఎలా ఉంటాడో ఎరుగని ఆ పిల్ల, ఒక మగవాని మాటను ఎంతగా నమ్మి ఉంటుందో ఆలోచించండి.

నమ్మినది జెమినీ గణేశన్‌ను. 1952లో రహస్యంగా పెండ్లాడింది. అప్పటికే ఆయనకు భార్య అలమేలు గారు ఉన్నారు, పిల్లలున్నారు. తాడేపల్లిగూడెం పక్క పెంటపాడులో పుట్టిన నటి పుష్పవల్లితోనూ ఆయనకు సంబంధం ఉంది. సావిత్రితో పెండ్లైన రెండేండ్లకు, 1954లో, పుష్పవల్లికి ఆయన వలన కలిగిన కూతురే హిందీ తార రేఖ.

మన గుడిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదువుతారు. అభ్యంతరం ఉన్నవారు చెప్పవలసిందని ఫాదర్ గారు అంటుంటే కుర్రవాళ్లు నవ్వుకుంటారు. సావిత్రి పెండ్లికి అలాంటి ఆదివారం ఒక్కటి ఉన్నా, లేచి నిలబడవలసిన మనిషి ఒకరున్నారు. ఈ పెండ్లి మాత్రం ఒక లక్స్ సబ్బు ప్రకటనతో లోకానికి తెలిసింది. దానిమీద ఆమె సావిత్రి గణేశ్ అని సంతకం చేసింది!

తరువాత చూడముచ్చటైన కాపురమే. మద్రాసు హబీబుల్లా రోడ్డులో పెద్ద ఇల్లు, కార్లు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. తెరమీద కూడా వారిద్దరూ జంటే. 'మాయాబజార్'లో శశిరేఖగా ఇంటింటికీ ఆడపడుచైన రోజులవి. ఆ ఇంటి పునాది మరో ఇల్లాలి కన్నీటి మీద పడిందని అప్పుడెవరికి పట్టింది? సావిత్రికి మాత్రం తెలియదా? తెలుసు. ఆమె మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ మాట దాచకూడదు.

భర్త చూపు మళ్ళీ బయటికి పోయింది. అలమేలు గారికి జరిగినదే సావిత్రికీ జరిగింది. 1960ల చివరకు ఇద్దరూ విడిపోయారు. 1968లో 'చిన్నారి పాపలు' అనే చిత్రాన్ని ఎక్కువమంది ఆడవారితోనే తీసి దర్శకురాలైంది. 'మూగమనసులు' కథను 1971లో తమిళంలో 'ప్రాప్తం'గా తీస్తే చేతులు కాలాయి. అప్పులు, ఆదాయపు పన్ను బకాయిలు, మధుమేహం, మద్యం. అడిగినవారికి లేదనకుండా ఇచ్చిన చేయి ఖాళీ అయింది. తాగి చెడిపోయిందని లోకం కథను గ్లాసు దగ్గర మొదలుపెడుతుంది. నేను ఆ రహస్యపు పెండ్లి దగ్గర మొదలుపెడతాను.

1980 మే నెలలో స్పృహ తప్పింది. పంతొమ్మిది నెలలు మంచంమీద కోమాలోనే ఉండి, 1981 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, పునీత స్తెఫాను పండుగనాడు కన్నుమూసింది. జెమినీ గణేశన్ 2005 వరకూ బ్రతికారు.

ఈసారి మీ ఇంట్లో 'మిస్సమ్మ' పాట వినిపించినప్పుడు సావిత్రి ఆత్మ కోసం ఒక మంగళవార్త జపం చెప్పండి. తెరమీద ఏనాడూ కనిపించని అలమేలు గారి కోసం ఇంకొకటి.