హంఫ్రీ బోగార్ట్

హంఫ్రీ డిఫారెస్ట్ బోగార్ట్ (డిసెంబర్ 25, 1899 - జనవరి 14, 1957) సుప్రసిద్ధ అమెరికన్ రంగస్థల, చలనచిత్ర నటుడు. అభిమానులు ఇతడిని బోగీ అని పిలుస్తారు. ముడతలు పడిన నుదురు, పెదవి మీద చిన్న మచ్చ, తడబాటు లేని పొడి మాట ఇతడి గుర్తులు. బయటకు కఠినంగా కనిపిస్తూ మనసులోని గాయాన్ని దాచుకొనే మనిషి పాత్రకు హాలీవుడ్‌లో ఇతడు పర్యాయపదమయ్యాడు. 70కి పైగా చిత్రాలలో నటించాడు. 1999లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన అలనాటి హాలీవుడ్ తారల జాబితాలో పురుషులలో ప్రథమ స్థానం ఇతడికే దక్కింది. అయితే నలభై ఏళ్ళ వయసు దాటేవరకు బోగార్ట్ రెండవ శ్రేణి నటుడే. అతడికి పేరు తెచ్చిన పాత్రలలో కొన్ని ఇతర నటులు వద్దన్నవి.

బాల్యం, విద్య

బోగార్ట్ న్యూయార్క్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి బెల్మాంట్ డిఫారెస్ట్ బోగార్ట్ శస్త్రవైద్యుడు. తల్లి మాడ్ హంఫ్రీ పత్రికలకు, వ్యాపార ప్రకటనలకు బొమ్మలు గీసి పేరు, ధనం సంపాదించిన చిత్రకారిణి. పసివాడైన కుమారుని ఆమె గీసిన చిత్రం మెల్లిన్ అనే శిశు ఆహారపు ప్రకటనలో వాడబడింది. తెరమీద ముఠా నాయకుడిగా భయపెట్టిన నటుని ముఖం ప్రజలకు మొదట పరిచయమైనది ఈ విధంగానే. బోగార్ట్‌కు ఇద్దరు చెల్లెళ్ళు. చిన్ననాడు తండ్రి వద్ద అబ్బిన తెరచాప పడవల మోజు అతడిని జీవితాంతం వదలలేదు. చదరంగంలో కూడా మంచి నేర్పరి.

మసాచుసెట్స్‌లోని ఫిలిప్స్ అకాడమీలో చదువుతుండగా 1918లో పాఠశాల నుండి తొలగించబడ్డాడు. అదే సంవత్సరం అమెరికా నౌకాదళంలో చేరాడు. పెదవి మీది మచ్చ అక్కడ పనిచేసిన కాలంలో ఏర్పడిందని అంటారు గాని, దాని గురించి పరస్పర విరుద్ధమైన కథలు ప్రచారంలో ఉన్నాయి.

రంగస్థలం

నౌకాదళం నుండి వచ్చిన తరువాత కుటుంబ మిత్రుడు, నాటక నిర్మాత అయిన విలియం ఎ. బ్రాడీ వద్ద ఉద్యోగంలో చేరి, క్రమంగా రంగస్థలం ఎక్కాడు. 1920వ దశకంలో బ్రాడ్వే నాటకాలలో అతడికి లభించినవి ఎక్కువగా కులాసా పురుషులైన ధనిక యువకుల పాత్రలు. 1930లో ఫాక్స్ సంస్థ ఒప్పందంపై హాలీవుడ్ వెళ్ళాడు. జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో స్పెన్సర్ ట్రేసీతో కలసి అప్ ది రివర్ (1930) చిత్రంలో నటించినా నిలదొక్కుకోలేకపోయాడు. ఆర్థిక మాంద్యం వలన నాటకశాలలు కూడా దెబ్బతిన్నాయి. 1934లో తండ్రి అప్పులు మిగిల్చి మరణించాడు. ఆ అప్పులు తీర్చే బాధ్యతను బోగార్ట్ స్వీకరించాడు.

1935లో రాబర్ట్ షెర్‌వుడ్ రచించిన ది పెట్రిఫైడ్ ఫారెస్ట్ నాటకం అతడి జీవితాన్ని మార్చింది. అందులో డ్యూక్ మాంటీ అనే పరారీలో ఉన్న హంతకుడి పాత్ర ధరించాడు. వార్నర్ బ్రదర్స్ సంస్థ ఈ నాటకాన్ని సినిమాగా తీయదలచి, ఆ పాత్రకు అప్పటికే పేరున్న ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌ను ఎంచుకొన్నది. బోగార్ట్ లేకపోతే తానూ నటించనని నాటక కథానాయకుడు లెస్లీ హోవర్డ్ తేల్చి చెప్పడంతో సంస్థ దిగివచ్చింది. చిత్రం 1936లో విడుదలైంది. ఈ ఉపకారాన్ని బోగార్ట్ మరువలేదు. 1952లో పుట్టిన కుమార్తెకు లెస్లీ హోవర్డ్ అని పేరు పెట్టుకొన్నాడు. అప్పటికి హోవర్డ్ మరణించి తొమ్మిదేళ్ళయింది.

వార్నర్ బ్రదర్స్ సంవత్సరాలు

తరువాతి నాలుగైదు సంవత్సరాలు బోగార్ట్ వరుసగా దుష్టపాత్రలలోనే కనిపించాడు. ఏంజెల్స్ విత్ డర్టీ ఫేసెస్ (1938), ది రోరింగ్ ట్వెంటీస్ (1939) వంటి చిత్రాలలో కథానాయకుడు జేమ్స్ కాగ్నీ. బోగార్ట్ పని అతడికి ద్రోహం చేసి, చివరకు అతడి చేతిలో చావడం. 1939లో ది రిటర్న్ ఆఫ్ డాక్టర్ ఎక్స్ అనే చిత్రంలో చచ్చి బ్రతికిన శవం పాత్ర కూడా ధరించవలసి వచ్చింది. సంస్థలో మంచి పాత్రలు ముందుగా కాగ్నీ, రాబిన్సన్, జార్జ్ రాఫ్ట్‌ల వద్దకు వెళ్ళేవి. వారు కాదన్నవి బోగార్ట్‌కు వచ్చేవి.

1941లో ఈ పద్ధతే అతడికి వరమయింది. హై సియెర్రాలోని పాత్రను రాఫ్ట్ తిరస్కరించాడు. అదే సంవత్సరం ది మాల్టీస్ ఫాల్కన్‌ను కూడా, కొత్త దర్శకునితో పనిచేయడం ఇష్టం లేక, రాఫ్ట్ వదులుకొన్నాడు. ఆ కొత్త దర్శకుడు జాన్ హ్యూస్టన్. బోగార్ట్, హ్యూస్టన్‌ల స్నేహం అక్కడి నుండి బోగార్ట్ మరణం వరకు సాగింది.

అభిమానులు ఎక్కువగా తలచుకొనే చిత్రాలు

* హై సియెర్రా (1941) - చెరసాల నుండి విడుదలైన వయసు మళ్ళిన దొంగ కథ. కుంటి బాలికకు శస్త్రచికిత్స చేయించే ఈ దొంగలో ప్రేక్షకులు మొదటిసారి బోగార్ట్‌ను సానుభూతితో చూశారు.
* ది మాల్టీస్ ఫాల్కన్ (1941) - డాషియెల్ హామెట్ నవల ఆధారంగా తీసిన నేరపరిశోధక చిత్రం. ప్రైవేటు డిటెక్టివ్ సామ్ స్పేడ్ తాను ప్రేమించిన స్త్రీనే పోలీసులకు అప్పగిస్తాడు.
* కాసాబ్లాంకా (1942) - దర్శకుడు మైకేల్ కర్టిజ్, కథానాయిక ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. ఎవరి గొడవా తనకు పట్టదనే మద్యశాల యజమాని రిక్, చివరకు తన ప్రేమను వదులుకొని నాజీలకు వ్యతిరేకంగా నిలుస్తాడు. కథలో రిక్ మొదట కనిపించేది ఒంటరిగా చదరంగం ఆడుతూ. నాజీల వలన ఐరోపా వదలివచ్చిన పలువురు నటులు ఇందులో ఉన్నారు. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందింది.
* ది బిగ్ స్లీప్ (1946) - రేమండ్ చాండ్లర్ నవల ఆధారంగా హోవర్డ్ హాక్స్ తీసిన చిత్రం. డిటెక్టివ్ ఫిలిప్ మార్లోగా బోగార్ట్ నటించాడు. కథ చిక్కుముడిగా ఉన్నా సంభాషణల కోసం మరల మరల చూసేవారున్నారు.
* ది ట్రెజర్ ఆఫ్ ది సియెర్రా మాద్రే (1948) - మెక్సికోలో బంగారం వెదికే ముగ్గురి కథ. దురాశతో మతి చెడిన మనిషిగా బోగార్ట్ నటన ప్రశంసలు పొందింది. హ్యూస్టన్‌కు, అతడి తండ్రి వాల్టర్ హ్యూస్టన్‌కు ఆస్కార్ అవార్డులు లభించగా బోగార్ట్‌కు నామినేషన్ కూడా రాలేదు.
* ఇన్ ఎ లోన్లీ ప్లేస్ (1950) - కోపాన్ని అదుపులో ఉంచుకోలేని సినిమా రచయితపై హత్యానుమానం పడుతుంది. కఠిన పురుషుని కాఠిన్యమే అతడి ప్రేమను నాశనం చేయడం ఈ చిత్రం విశేషం. విమర్శకులు దీనిని బోగార్ట్ ఉత్తమ చిత్రాలలో ఒకటిగా లెక్కిస్తారు.
* ది ఆఫ్రికన్ క్వీన్ (1951) - కాథరిన్ హెప్‌బర్న్‌తో కలసి నటించిన రంగుల చిత్రం. చాలా భాగం బెల్జియన్ కాంగో, ఉగాండాలలో చిత్రీకరించబడింది. తాగుబోతు పడవవాని పాత్రకు బోగార్ట్ తన ఏకైక ఆస్కార్ పొందాడు.

వ్యక్తిగత జీవితం

నటీమణులు హెలెన్ మెంకెన్, మేరీ ఫిలిప్స్, మేయో మెథాట్‌లతో బోగార్ట్ మొదటి మూడు వివాహాలు విడాకులతో ముగిశాయి. 1944లో టు హావ్ అండ్ హావ్ నాట్ చిత్రీకరణలో 19 ఏళ్ళ నూతన నటి లారెన్ బకాల్‌తో పరిచయమైంది. ఇద్దరి మధ్య వయసు తేడా దాదాపు 25 సంవత్సరాలు. మే 21, 1945న ఒహాయో రాష్ట్రంలో, రచయిత లూయీ బ్రామ్‌ఫీల్డ్‌కు చెందిన వ్యవసాయ క్షేత్రంలో వీరి వివాహం జరిగింది. వీరికి స్టీఫెన్, లెస్లీ అనే ఇద్దరు సంతానం. తీరిక సమయాన్ని బోగార్ట్ సాంటానా అనే తన పడవ మీద గడిపేవాడు. తన నిర్మాణ సంస్థకు కూడా ఆ పేరే పెట్టాడు.

1947 నాటి వివాదం

హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల ప్రభావం ఉన్నదంటూ అమెరికా ప్రతినిధుల సభకు చెందిన కమిటీ 1947 అక్టోబర్‌లో విచారణ జరిపింది. దీనిని నిరసిస్తూ బోగార్ట్, బకాల్, హ్యూస్టన్ తదితరులు విమానంలో వాషింగ్టన్ వెళ్ళారు. పత్రికలలో వ్యతిరేకత రావడం, నిర్మాణ సంస్థలు వెనుకడుగు వేయడంతో బోగార్ట్ కూడా వెనుదీశాడు. ఆ ప్రయాణం అవివేకమని ప్రకటించి, 1948లో ఒక సినిమా పత్రికలో తాను కమ్యూనిస్టును కానని వ్యాసం వ్రాశాడు. విచారణలో సమాధానం చెప్ప నిరాకరించిన పదిమంది సినీప్రముఖులు తరువాత జైలుకు వెళ్ళారు. తెరమీద ఎవరికీ తలవంచని మనిషి ఇక్కడ తలవంచడం సహచరులలో కొందరికి నిరాశ కలిగించింది. ఈ సంఘటనల వెనువెంటనే హ్యూస్టన్ దర్శకత్వంలో చిత్రీకరించిన కీ లార్గో (1948)లో బోగార్ట్ పాత్ర, ముఠా నాయకుని ఎదుట మొదట వెనుకాడి, చివరకు ఎదిరించి నిలిచే మాజీ సైనికునిది.

అనారోగ్యం, మరణం

బోగార్ట్ తెరమీదనే కాక బయట కూడా విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. మద్యం అలవాటు కూడా ఎక్కువే. చివరి చిత్రం ది హార్డర్ దే ఫాల్ (1956). అన్నవాహిక క్యాన్సర్‌కు 1956 మార్చిలో శస్త్రచికిత్స జరిగినా ఫలితం లేకపోయింది. జనవరి 14, 1957న లాస్ ఏంజెలెస్‌లోని స్వగృహంలో 57 ఏళ్ళ వయసులో మరణించాడు. సంతాప సభలో శవపేటికకు బదులుగా సాంటానా పడవ నమూనాను ఉంచారు. హ్యూస్టన్ సంతాప ప్రసంగం చేశాడు. చితాభస్మంతో పాటు బకాల్ ఒక చిన్న బంగారు ఈలను ఉంచింది. ఇద్దరూ కలసి నటించిన మొదటి చిత్రంలోని ఈల సన్నివేశానికి అది గుర్తు.

మరణానంతర కీర్తి

బోగార్ట్ మరణించిన సంవత్సరమే, హార్వర్డ్ విశ్వవిద్యాలయం సమీపంలోని బ్రాటిల్ థియేటర్ కాసాబ్లాంకాను తిరిగి ప్రదర్శించింది. విద్యార్థుల నుండి అనూహ్య స్పందన రావడంతో, పరీక్షల కాలంలో బోగార్ట్ చిత్రాలను వరుసగా వేయడం అక్కడ ఆనవాయితీ అయింది. విద్యార్థులు బోగార్ట్‌లా పొడవాటి కోటు ధరించి వచ్చేవారు. కంఠస్థమైన సంభాషణలను తెరతోపాటు పలికేవారు. ఈ ప్రేక్షకులలో చాలామంది ఆ చిత్రాలు మొదట విడుదలైనప్పుడు చిన్నపిల్లలు. ఫ్రాన్స్‌లో జీన్-లుక్ గోడార్డ్ తీసిన బ్రెత్‌లెస్ (1960) చిత్రంలో కథానాయకుడు ది హార్డర్ దే ఫాల్ గోడపత్రిక ముందు నిలబడి బోగార్ట్‌ను అనుకరిస్తాడు. వుడీ అలెన్ రచించిన ప్లే ఇట్ ఎగైన్, శామ్ (1972) చిత్రంలో పిరికివాడైన అభిమానికి బోగార్ట్ ప్రత్యక్షమై సలహాలిస్తాడు.

అమెరికా తపాలా శాఖ 1997లో ఇతడి స్మారక బిళ్ళ విడుదల చేసింది. 2006లో న్యూయార్క్‌లో అతడు పెరిగిన వీధికి అతడి పేరు పెట్టారు. 2013లో ఫ్లోరిడాలోని కీ లార్గోలో బోగార్ట్ పేరిట చలనచిత్రోత్సవం జరిగింది. కీ లార్గో చిత్రంలో అధికభాగం ఆ ఊరిలో కాక వార్నర్ స్టూడియోలో చిత్రీకరించినదే. ఆఫ్రికన్ క్వీన్ చిత్రంలో వాడిన పడవ మాత్రం కాలక్రమంలో నిజంగానే ఆ ఊరు చేరి, అభిమానులకు దర్శనీయమైంది.