విలియం జె. బారో - కాగితంలోని ఆమ్లం

తాళపత్రాలకు చెదలు, తేమ, అగ్ని శత్రువులు. ఇవి బయటినుండి వచ్చేవి. పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగం తరువాత యంత్రాలపై తయారైన కాగితానికి శత్రువు దానిలోనే ఉన్నది. ఈ సంగతిని గ్రంథాలయ లోకానికి ప్రయోగపూర్వకంగా చూపినవారు విలియం జేమ్స్ బారో.

బారో 1904లో అమెరికాలోని వర్జీనియాలో జన్మించారు. కళాశాల విద్య పూర్తిచేయలేదు. 1930ల ఆరంభంలో జీర్ణపత్రాల మరమ్మతును వృత్తిగా స్వీకరించి, పత్రాన్ని సెల్యులోజ్ అసిటేట్ పొరల నడుమ వేడిమితో అదిమే యంత్రాన్ని రూపొందించారు. 1950లలో ఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయం అవే పొరలను యంత్రం లేకుండా, అసిటోన్‌తో చేతిమీదనే అతికించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అయితే లోపల ఆమ్లం మిగిలివుంటే పైపొర ఎంత గట్టిదైనా పత్రం నిలువదని బారో గ్రహించారు.

ఆ ఆమ్లం ఎక్కడిది? సిరా అలుముకోకుండా కాగితానికి పటిక జాతి లవణాన్ని, దేవదారు జాతి చెట్ల జిగురును పట్టించేవారు. ఆ లవణం తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆమ్లం నారను తెంచుతుంది. దోషమంతా కొయ్యగుజ్జుదేనన్న నాటి నమ్మకం సరికాదని తేల్చి, కొయ్యగుజ్జుతోనే మన్నికైన కాగితం చేయవచ్చునని 1960లో నిరూపించారు.

అంతకుముందే, 1900-1949 నడుమ అచ్చైన 500 అమెరికా గ్రంథాల కాగితాన్ని మడిచి, చించి పరీక్షించారు. వాటిలో నూటికి 97 వంతుల ఆయుష్షు 50 ఏండ్లకు మించదని 1959లో ప్రకటించారు. 100 డిగ్రీల వేడిలో 72 గంటలుంచితే 25 ఏండ్ల వార్ధక్యానికి సమానమన్న ఆయన లెక్కను తరువాతివారు కొందరు అంగీకరించలేదు. అంకెలో తేడా ఉండవచ్చును గాని హెచ్చరిక నిజమైనదే. వావిళ్ల వారి ముద్రణలు అనేకం ఆ అర్ధశతాబ్దిలోనివే.

ఆయన చికిత్స విచిత్రంగా సరళమైనది. పత్రాన్ని మొదట సున్నపుతేటలోను, తరువాత కాల్షియం బైకార్బొనేట్ ద్రావణంలోను నానబెట్టడమే. ఆమ్లం విరిగి, కొంత సున్నం నారలో రక్షగా మిగులుతుంది. కాని పుస్తకం కుట్టు విప్పి ఆకు ఆకూ తడపాలి. కొన్ని సిరాలు కరిగిపోతాయి. లక్షల గ్రంథాలకు ఇది సాధ్యమా? తుంపరగా చల్లే ఉపాయమూ ఆయన ప్రయత్నించారు. 1967లో మరణించేనాటికి సామూహిక చికిత్స సిద్ధించలేదు.

ఆయన ప్రయోగశాల 1970లలో మార్ఫొలిన్ ఆవిరిని పరీక్షించింది. దాని ఫలం నిలువలేదు. 1977లో ప్రయోగశాల మూతపడింది. అసిటేట్ పొరలే కాలక్రమాన చెడగా, వాటిని విప్పే పని అభిలేఖాలయాలకు వచ్చిపడింది. ఆమ్లనివారణ మాత్రం నిలిచింది. 1990లలో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం మెగ్నీషియం ఆక్సైడ్ సూక్ష్మకణాలతో, కుట్టు విప్పకుండానే, గ్రంథాలకు పెద్దయెత్తున చికిత్స ప్రారంభించింది. అప్పటికే పెళుసెక్కిన కాగితానికి ఆ చికిత్సతోనూ పూర్వపు బలం తిరిగిరాదు.